ఒక్కోదానికి నాలుగు నిమిషాలు

పలమనేరు మెట్టల మీద మంచు ఎనిమిదింటికి గానీ పలచబడదు. ఆ మంచులోంచి, ఖాళీ క్యాన్లు ఒకదానికొకటి తగిలి మోగుతుండగా, పాల వ్యాను వచ్చి చింతమానుపల్లె హైస్కూలు ముందు ఆగేది. డ్రైవరు పక్క సీట్లోంచి కోమలి దిగేది. ఆ డ్రైవరు ఆమె మొగుడు గోవిందు.

"టీచరమ్మా, దిగండి. మీ బడి వచ్చేసినాది," అనేవాడు రోజూ, పెద్ద కారు డ్రైవరులాగా స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని.

"సాలు, పాలు ఇరిగిపోతాయి. పో," అనేది ఆమె. రోజూ అదే మాట. రోజూ ఇద్దరూ కొంచెం నవ్వేవాళ్ళు.

ఆమె చీరకు పాలవాసన ఉండేది. చిన్నప్పుడూ అంతే. నాయన మునిరామయ్య పాల కేంద్రంలో పాలలో లాక్టోమీటరు ముంచి చిక్కదనం చూసే మనిషి. ఆ గాజు పుల్ల పాలలో మునిగి, తేలి, కాసేపు ఊగి, ఒక గీత దగ్గర నిలబడటాన్ని చూస్తూ పెరిగింది కోమలి. దేన్నయినా అది కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టి చూడటం ఆమెకు అక్కడే అలవాటయింది. పలమనేరులో బీకాం చదివింది. చిత్తూరులో ఉండి కంప్యూటరు డిప్లొమా చేసింది. రెండువేల మూడులో ఒక కంపెనీ ఐదేళ్ళ ఒప్పందం మీద ఈ బడికి పదకొండు కంప్యూటర్లు ఇచ్చి, వాటితోపాటు నేర్పే మనిషిగా కోమలిని ఇచ్చింది.

మొదటిరోజు స్టాఫ్‌రూములో ఆమెకు కుర్చీ లేదు. ఉన్న కుర్చీలన్నీ పర్మినెంటు వాళ్ళవి. ఎవరూ పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. ఆమె గోడవారగా బ్యాగు పట్టుకుని నిలబడి ఉంటే, అటెండరు ఆదిమూలం సైన్సు ల్యాబులోంచి ఒక ఇనుప కుర్చీ మోసుకొచ్చి, భుజం మీది తువ్వాలుతో దాన్ని తుడిచి, "కూసోండి మేడం," అన్నాడు. అంతకు ముందు ఆమెను ఎవరూ మేడం అనలేదు. ఆ గదిలో ఆ మాట విన్నాక మిగతావాళ్ళూ అనక తప్పింది కాదు.

ఐదేళ్ళూ అయిపోయాయి. రెండువేల ఎనిమిది మార్చిలో కంపెనీ వాళ్ళు వచ్చి జనరేటరునూ బ్యాటరీలనూ లారీలో ఎక్కించుకుని, కంప్యూటర్లను బడికి వదిలి వెళ్ళిపోయారు. హెడ్మాస్టరు హరినాథ్ సారు కోమలిని పిలిచాడు.

"జిల్లా నుంచి తనిఖీకి వస్తారమ్మా. వచ్చి చూసి, కంప్యూటర్లు నడుస్తా ఉండాయని రాస్తే, గదీ ఉంటాది, నువ్వూ ఉంటావు. నడవలేదని రాస్తే ఆ గది మధ్యాహ్నం భోజనం బియ్యానికి ఇచ్చేయమన్నారు. అందాక నువ్వు మానుకోవద్దు. నీ గురించి పైకి నేను రాసి పెడతా."

"వస్తా సార్," అంది కోమలి. ఆ గది పోతే తను మళ్ళీ గోడవారగా బ్యాగు పట్టుకుని నిలబడే మనిషి అవుతుందని ఆమెకు తెలుసు. ఈసారి ఏ గోడో కూడా తెలియదు.

జూన్లో బడి తెరిచారు. కోమలి గది తాళం తీసి, కిటికీలు తెరిచి, మొదటి యంత్రం మీట నొక్కింది. నల్లని తెర మీద ఒక్క తెల్లని వరుస వచ్చి నిలబడింది. డిస్కు దొరకలేదు, డిస్కు పెట్టండి అని ఇంగ్లీషులో. రెండోదీ అదే అంది. మూడోదీ. పదకొండో యంత్రం దాకా అదే వరుస. స్క్రూడ్రైవరు తెచ్చి ఒక పెట్టె పక్కరేకు విప్పింది. లోపల హార్డ్ డిస్కు ఉండవలసిన చోట నాలుగు మరల రంధ్రాలు, వేలాడుతున్న ఒక తీగ. దుమ్ములో చదరంగా, శుభ్రంగా ఒక గుర్తు. గోడ మీంచి పటం తీసేసినప్పుడు మిగిలే తెల్లటి చోటులాగా ఉంది అది.

వెనక ఆదిమూలం నిలబడి ఉన్నాడు. చేతిలో చీపురు ఉంది గానీ ఊడ్వడం లేదు.

"అమ్మా, మే నెల్లో ఒకాయన వచ్చినాడు," అన్నాడు. "కంపెనీ నుంచి అని చెప్పినాడు. మెళ్ళో కార్డు ఏసుకోనుండె. రిపేరికి ఎత్తకపోతాండా, బడి తెరిచేలోపల తెస్తా అన్న్యాడు. నేనే తాళం తీస్తి. నేనే స్టూలేస్తి. టీ గూడా తెచ్చిస్తి."

"కార్డు మీద ఏమి రాసుండె?"

"ఇంగ్లీషు గదమ్మా."

కంపెనీ తన సామాను అంతా మార్చిలోనే తీసుకుపోయిందని, మళ్ళీ వచ్చే పనే లేదని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. ఆమె కూడా చెప్పలేదు.

"నాకింగ రెండేండ్లే సర్వీసు ఉండేది," అన్నాడు ఆదిమూలం. "హెడ్మాస్టరు సారు మంచోడే. కానీ రూలంటే రూలే ఆయనకి. కేసు పెట్టాల్సిందే అంటాడు. పెన్షను నిలిపేస్తారంట గదమ్మా కేసుంటే?"

కోమలి పెట్టె పక్కరేకు మళ్ళీ బిగించింది. తర్వాత, "ఎవరికీ చెప్పొద్దులే ఆదిమూలం. ఏదన్నా చూస్తా," అంది.

ఆ ఆదివారం తిరుపతి బస్సెక్కింది. బస్టాండు వెనక సందులో మునిచంద్ర అని డిప్లొమాలో ఆమెతో చదివినతను కంప్యూటర్లు బాగుచేసే అంగడి పెట్టుకుని ఉన్నాడు. విప్పేసిన పెట్టెల మధ్య, మెడ దాకా తీగల్లో మునిగి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"అంటే తలకాయల్లేని మొండేలు పదకొండు పెట్టుకోని, నడిపించు సామీ అంటాండావు."

"ఎగతాళి సాలు. దోవ చెప్పు."

"డిస్కులు కొనేదాని కంటే కొత్తవి కొనేది మేలు. అది వదిలెయ్." మునిచంద్ర సొరుగులో వెతికి, మూత పోయిన ఒక పెన్ డ్రైవ్ తీశాడు. చిటికెన వేలంత ఉంది. "ఇందులో ఒక బుల్లి లినక్స్ ఏసిస్తా. పెద్ద సిస్టమ్ మాదిరి డిస్కు నిండా కాళ్ళు చాపుకోని పండుకునే రకం కాదు ఇది. మొత్తం కలిపి ఒక పాటల సీడీ పాటి గూడా ఉండదు. యంత్రం మేలుకోంగానే ఈ పుల్లలోంచి లేచి, పైన ర్యామ్ ఉండాది చూడు, ఆడికి ఎక్కి కూసుంటాది. ఒకసారి ఎక్కిందా, పుల్ల పీకేసినా పడిపోదు. పీకి పక్కదానికి పెట్టుకో."

"ఒక్క పుల్లతోనే పదకొండూనా?"

"పదకొండైనా, నూటపదకొండైనా. కానీ ఒకటుండాది. కరెంటు పోయిందంటే అంతా మర్చిపోతాది. పేరు గూడా గుర్తుండదు. మళ్ళా మొదట్నించి లేపాల్సిందే. పొద్దున నేర్చుకోని సాయంత్రానికి మరిచిపోయే మీ పిలకాయల మాదిరి."

"మా పిలకాయలు అట్లా వాళ్ళు కాదులే," అంది కోమలి, కొంచెం కోపంగానే.

వారం రోజులు ఆమె దాంతో కుస్తీ పట్టింది. బడి యంత్రాలు పాతవి. వాటిలో నాలుగింటికి పెన్ డ్రైవ్ అంటే ఏమిటో తెలియదు. వాటికి ముందు ఒక ఫ్లాపీ పెట్టి, అదిగో అటు చూడు అని వేలు పట్టుకుని చూపించినట్టు దారి చూపించాలి. అప్పుడు గానీ పుల్లను గుర్తుపట్టవు. అన్నీ నెమ్మదే. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు పట్టేది. పదకొండుకీ నలభై నాలుగు. బడిలో ఒక పీరియడు నలభై ఐదు నిమిషాలు.

అందుకని ఆమె పిల్లలకంటే గంట ముందు రావడం మొదలుపెట్టింది.

ఆ గంట ఎవరికీ తెలియని గంట. కిటికీ చువ్వల బయట మంచు, మంచు అవతల మల్బరీ తోట, తోటలో ఎక్కడో ఆకు తుంచుతున్న ఆడవాళ్ళ దగ్గులు. లోపల కోమలి మొదటి యంత్రం ముందు కూర్చునేది. పుల్ల పెట్టేది. నల్లని తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పుట్టి, చీమలబారులాగా కుడివైపుకు నడిచేవి. ఒక్కోసారి మధ్యలో ఆగిపోయేవి. అప్పుడు ఆమె కూడా ఆగిపోయేది. చుక్కలు మళ్ళీ కదిలేవి. చివరికి తెర లేతనీలంగా మారి, మూలన ఒక కుక్కపిల్ల బొమ్మ వచ్చి కూర్చునేది. నిద్ర లేచి ఇదెవరిల్లు అన్నట్టు చూసే కుక్కపిల్ల. ఆమె పుల్ల పీకి రెండో యంత్రం ముందుకు కుర్చీ జరుపుకునేది. ఇనుప కుర్చీ, సిమెంటు నేల, ఆ గీరుడు చప్పుడు. పదకొండుసార్లు ఆ చప్పుడు వినిపిస్తే గదిలో తెల్లవారినట్టు.

కోత లేని రోజుల్లో హరినాథ్ సారు తొమ్మిదిన్నరకు వరండాలో నడుస్తూ కిటికీలోంచి చూసేవాడు. పదకొండు తెరలూ నీలంగా ఉండేవి. "మన బళ్ళో కంప్యూటర్లు మనకంటే ముందే లేస్తాయబ్బా," అని మిగతా సార్లతో గర్వంగా చెప్పేవాడు. ఆయనకు కంప్యూటరంటే ట్యూబులైటుకు అన్నదమ్ముడు. మీట వేస్తే వెలగాలి, వెలుగుతోంది. ఆయన ఆ మాట అన్న ప్రతిసారీ కోమలికి నోటి చివరిదాకా నిజం వచ్చేది. వచ్చి, ఆదిమూలం చీపురు గుర్తొచ్చి వెనక్కి పోయేది.

కరెంటు మాత్రం ఆమె మాట వినేది కాదు. ఒక్కో వారం ఆరు నుంచి తొమ్మిది దాకా కోత, ఒక్కో వారం తొమ్మిది నుంచి పన్నెండు దాకా. చెప్పని కోతలు వేరే. పిల్లలు తలలు వంచి, నాలుక కొసలు పంటితో పట్టుకుని ఏదో గీస్తుంటే, ఉన్నట్టుండి పదకొండు తెరలూ ఒక్కసారిగా ఆరిపోయేవి. ఆ చీకట్లో పిల్లల ముఖాలు మొదట తెలిసేవి కావు. తర్వాత, బావిలోకి తొంగిచూస్తే నీళ్ళు మెల్లగా కనబడినట్టు, ఒక్కో ముఖం కనబడేది. కరెంటు వచ్చాక ఆమె మళ్ళీ ఒకటో యంత్రం దగ్గర కూర్చునేది. నాలుగోదో ఐదోదో లేచేసరికి గంట కొట్టేవాళ్ళు.

"మేడం, నిన్న నేను గీసిన ఇల్లు యాడ?" అని ఎనిమిదో తరగతి పల్లవి రోజూ అడిగేది.

"పోయింది. మళ్ళా గీయి."

"నిన్నే బాగొచ్చింది మేడం."

పుల్ల మళ్ళీ పెట్టి ఒక్కొక్కరిదీ దాచేంత తీరిక దొరికేది కాదు. సాయంత్రం గది కట్టేటప్పుడు కోమలి ఆ ఇళ్ళనూ, కొండలనూ, తప్పుల తడకగా టైపు చేసిన పేర్లనూ ఒకసారి చూసుకుని, ఒక్కో మీటా నొక్కేది. ప్రపంచం చిన్న చుక్కగా ముడుచుకుని పోయేది. ఆ పిల్లలు మటుకు మునిచంద్ర అన్నట్టు మరిచిపోలేదు. నాలుగు నెలల్లో పదో తరగతి వాళ్ళు పట్టికలు వేయడం, ఉత్తరం టైపు చేయడం నేర్చుకున్నారు. పోయేవి యంత్రాల్లోనివే.

దసరా సెలవులు అయిపోయిన వారంలో జిల్లా నుంచి కాగితం వచ్చింది. బుధవారం పదకొండు గంటలకు తనిఖీ.

ఆ వారం పొద్దుటి కోత ఆరు నుంచి తొమ్మిది. కోమలి ఎనిమిదికే వచ్చి, చీకటి గదిలో మొదటి యంత్రం ముందు కూర్చుంది. ముసురు పడుతోంది. ముందురోజే ఆమె ఒక ఏర్పాటు చేసింది. కరెంటు రాగానే మీట నొక్కకుండానే యంత్రాలు వాటంతట అవే లేచేటట్టు అమర్చింది, కొన్ని క్షణాలైనా కలిసొస్తాయని. తొమ్మిదీ ఐదుకు కరెంటు వచ్చింది. పుల్ల పెట్టింది. చుక్కలు. కుక్కపిల్ల. కుర్చీ. తొమ్మిదీ యాభైకి పదకొండూ లేచాయి. ఆమె లేచి నిలబడితే నడుము పట్టేసింది. ఇంక రెండు గంటలు కరెంటు పోకపోతే చాలు. అంతకుమించి ఆమె ఆ పొద్దున ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

పదీ ముప్పావుకు హరినాథ్ సారు వచ్చాడు. కొత్త తెల్ల చొక్కా వేసుకున్నాడు.

"అమ్మా, నువ్వు గేటు కాడికి రావాల. లేడీస్ ఉండాల గదా. పన్నీరు బుడ్డి నువ్వు పట్టుకో, గంధం తెలుగు టీచరు పట్టుకుంటాది."

"సార్, నేను ఈడ ఉంటే మంచిది."

"ఆదిమూలం ఉంటాడులేమ్మా. వెలుగుతా ఉండాయి గదా, ఏమైపోతాయి?"

ఆమె పుల్లను చీర కొంగున ముడివేసుకుంది. పోతూపోతూ ఆదిమూలంతో, "ఎవురూ ఏదీ ముట్టుకోకుండా చూసుకో," అని మెల్లగా చెప్పింది. ఆయన తలూపాడు. ఆ బడిలో ఆ పుల్ల ఎందుకు పెడుతుందో తెలిసిన రెండో మనిషి ఆయన ఒక్కడే.

జీపు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ముసురులో గొడుగు కింద అధికారి దిగాడు. పొట్టిగా, అలిసిపోయినట్టున్న మనిషి. చంకలో అట్ట ఫైలు. కోమలి పన్నీరు చల్లింది. పొద్దుట్నుంచి మూడు బళ్ళలో చల్లించుకున్న పన్నీరు ఆయన చొక్కా మీద ఇంకా మరకలుగా ఉంది. హెడ్మాస్టరు ముందు, అధికారి వెనక, వాళ్ళ వెనక కోమలి, టీచర్లు. వరండా మలుపు తిరిగి గదిలోకి అడుగుపెట్టారు.

గది చీకటిగా ఉంది.

తెరలన్నీ ఆరిపోయి ఉన్నాయి. గోడ మీది మెయిన్ స్విచ్చికి ఎర్రని రిబ్బను అడ్డంగా కట్టి ఉంది. దాని మీద పసుపు పూసి కుంకుమబొట్టు పెట్టి ఉంది. పక్కన ఆదిమూలం పళ్ళెంలో కత్తెర పట్టుకుని, నేల చూస్తూ నిలబడి ఉన్నాడు.

హరినాథ్ సారు అధికారి వైపు తిరిగాడు.

"ముందే వెలిగించిన దీపాన్ని పెద్దలకి చూపించి, వెలిగించండి సార్ అనేది మర్యాద కాదు గదా సార్. అందుకే నేనే అంతా ఆపించినా. తమరి చేత్తోనే వెలగాల."

ఆయన ముఖమంతా సంతోషమే. బడిలో ఏ పండగకైనా దీపపు కుందె వత్తులు తడిపి, వెలిగించకుండా, వచ్చినవాళ్ళ కోసం ఉంచేది ఆయనే. ఆ శ్రద్ధతోనే పది నిమిషాల ముందు వచ్చి స్విచ్చి దించేశాడు. ఆదిమూలం "మేడం రానీండి సార్" అన్నాడట. "మేడం ఎందుకబ్బా, స్విచ్చి ఆపేదానికి?" అని ఆయన నవ్వాడట. ఆ తర్వాత చెప్పవలసిన మాట ఒకటే ఉంది, డిస్కులు లేవని. అది ఆదిమూలం చెప్పలేకపోయాడు.

అధికారి మొహమాటంగా నవ్వి రిబ్బను కత్తిరించాడు. స్విచ్చి పైకి లేపాడు.

కోమలి అమర్చినట్టే, పదకొండు యంత్రాలూ వాటంతట అవే ఒక్కసారిగా మేలుకున్నాయి. పంకాల చప్పుడు, చిన్న చిన్న కూతలు, తెరల మీద తెల్లని మెరుపు. వెనకాలే లోపలికి వచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచర్లూ కొట్టారు. చప్పట్లు ఇంకా ఆగకముందే పదకొండు తెరలూ నల్లబడి, పదకొండింటి మీదా ఒకే తెల్లని వరుస వచ్చి నిలబడింది.

అధికారి కళ్ళజోడు సర్దుకుని ఒక తెర మీదికి వంగాడు. ఆ వరుస చదివాడు. పక్క తెర మీదిదీ చదివాడు.

"ఏమిటమ్మా ఇది?"

కోమలి అప్పటికే మొదటి యంత్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుని కొంగు ముడి విప్పుతోంది. తడి చేతులకు ముడి జారుతోంది.

"ఒక్కోదానికి నాలుగు నిమిషాలు పడతాది సార్. నలభై నాలుగు నిమిషాలు ఇవ్వండి. అన్నీ లేస్తాయి."

ఆయన గడియారం చూసుకున్నాడు. భోజనంలోపల ఇంకో రెండు బళ్ళు ఉన్నాయని వెనక ఎవరో గుర్తుచేశారు. అయినా ఆయన కదల్లేదు. చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. గదంతా ఆయనతోపాటు నిలబడింది. చుక్కలు నడవడం మొదలుపెట్టాయి. బయట ముసురు చూరు మీంచి కారుతోంది. ఎవరో పిల్ల తుమ్మింది. సగం దూరం పోయి చుక్కలు ఆగాయి, మళ్ళీ కదిలాయి. నాలుగు నిమిషాలు ఎంత పొడుగో ఆ గదిలో అందరికీ మొదటిసారి తెలిసింది. నీలం తెర వచ్చింది.

"కుక్కపిల్ల లేసింది మేడం," అంది పల్లవి గుసగుసగా.

కోమలి పుల్ల పీకి రెండోదానికి పెట్టింది. అధికారి వంగి మొదటి యంత్రం మీద ఏదో నొక్కి చూశాడు. తెర మీద కిటికీలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఆయనకు విషయం అర్థమైంది.

"వీటిలో హార్డ్ డిస్కులు లేవు. అన్నిటికీ ఈ ఒక్క పెన్ డ్రైవేనా?"

"అవును సార్."

"రోజూ ఇలాగే లేపుతున్నావా?"

"జూన్ నుంచి సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను తప్పుపట్టడం లేదమ్మా. ఇంత ఓపిక ఎవరికుంటుంది? కానీ నా కాగితంలో రెండే గళ్ళు ఉన్నాయి. పనిచేస్తున్నవి, పనిచేయనివి. ఈ పుల్ల తీసేస్తే రేపు పొద్దున ఇవి పనిచేస్తాయా?"

"చేయవు సార్."

"మరి డిస్కులు ఏమయ్యాయి? మార్చిలో అప్పగించిన జాబితాలో పదకొండు ఉన్నాయి."

ఆదిమూలం చేతిలో కత్తెర పళ్ళెం స్థానంలో ఇప్పుడు నీళ్ళ గ్లాసుల పళ్ళెం ఉంది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. కోమలి అటు చూడలేదు. రెండో తెర మీద చుక్కలు నడుస్తున్నాయి. వాటినే చూస్తూ చెప్పింది.

"నేనే తీసేసినాను సార్. పాడైపోయినాయని. పాత సామానోళ్ళకి ఏసేసినా."

"ఎవరినీ అడక్కుండానా?"

"అడక్కుండానే సార్."

గ్లాసుల మోత ఆగిపోయింది. అధికారి ఫైలు తెరిచి, కుర్చీ కూడా లాక్కోకుండా, నిలబడే రాశాడు. రెండో కుక్కపిల్ల వచ్చేసరికి ఆయన జీపు గేటు దాటింది.

కోమలి ఆ రోజు మూడోదీ, నాలుగోదీ, వరసగా పదకొండూ లేపింది. ఎందుకు లేపుతోందో ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం పదో తరగతి వాళ్ళు వచ్చి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా కూర్చుని, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా టైపు చేసుకున్నారు. ఆ మధ్యాహ్నం కరెంటు ఒక్కసారి కూడా పోలేదు.

సాయంత్రం హరినాథ్ సారు గదిలోకి వచ్చి చివరి బెంచీ మీద కూలబడ్డాడు. చొక్కా మీద పన్నీరు మరకలు.

"నాకు ఒక్క మాట చెప్పుంటే అయిపోయేది గదమ్మా."

"చెప్పాల్సింది సార్."

"నేను ఆ స్విచ్చి ముట్టకుండా ఉండుంటే?"

కోమలి ఏం చెప్పాలో ఆలోచించింది. "మన కరెంటు సంగతి తెలుసు గదా సార్. అదైనా పోయుండొచ్చు," అంది.

ఆయనకు అది ఓదార్పని తెలుసు. ముఖం తుడుచుకుని, జేబులోంచి ఒక కవరు తీశాడు. "ఆ పుల్ల గూడా రిపోర్టుతోపాటు పంపమన్నారు. నీదా, బడిదా?"

"నాదే సార్."

"అయినా పంపాల."

ఆమె ఇచ్చింది. ఆయన దాన్ని కవరులో వేసి, అంచు నాలుకతో తడిపి అంటించి, పైన తేదీ రాశాడు.

నీళ్ళ కుళాయి దగ్గర ఆదిమూలం ఎదురుపడ్డాడు. ఆమె కోసమే కాచుకున్నట్టున్నాడు.

"నేను చెప్పేస్తానమ్మా. రేపు పొద్దున్నే సారు కాడికి పోయి చెప్పేస్తా."

"చెప్పి ఏం చేస్తావు? నా పేరు కొట్టేసి నీ పేరు రాస్తారా? రెండు పేర్లూ రాస్తారు. ఇద్దరం ఇండ్లల్లో కూసోవాల."

"స్విచ్చి దించేటప్పుడన్నా అడ్డం పడాల్సింది నేను."

కాదు అందామని చాలా ప్రయత్నం చేసింది. రాలేదు. చుక్క చుక్కగా కారుతున్న కుళాయిని తిప్పి కట్టేసింది. తర్వాత ఎవరి దారిన వాళ్ళు పోయారు.

వ్యానులో గోవిందు "టీచరమ్మా" అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆపేశాడు. గంగవరం దాటాక ఆమె అంతా చెప్పింది. అతను వైపరు తిరగడం చూస్తూ విన్నాడు.

"ఎవురో చేసినదానికి నీ పేరు రాయించుకుంటివి. ఎందుకోసరం?"

"ఒక కుర్చీ కోసరం," అంది కోమలి. అతనికి అర్థం కాలేదు.

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. అనుమతి లేకుండా ప్రభుత్వ సామగ్రి తొలగించినందుకు బోధకురాలిని ఇకమీదట రానివ్వరాదని, గదిని బడి అవసరాలకు వాడుకోవచ్చని అందులో ఉంది. హరినాథ్ సారు దాన్ని తనే ఇంటికి తెచ్చి ఇచ్చాడు. కోమలి తల్లి సుబ్బులమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చింది. ఆయన సగం తాగి, గ్లాసు కింద పెట్టి, పోయి వస్తానని లేచాడు.

కార్తీకమాసం వచ్చింది. మునిరామయ్య కళ్ళకు శుక్లాలు ముదిరి, గాజుపుల్ల మీది గీతలు ఆయనకు కనబడటం మానేశాయి. పాల కేంద్రంలో ఆ పని కోమలి చూస్తోంది. తెల్లవారుజామునే వ్యానులో పల్లెపల్లెకూ పోయి, క్యాను మూత తీసి, లాక్టోమీటరు ముంచి, అది ఊగి నిలబడేదాకా చూసి, అంకె చెబుతుంది. ఆడవాళ్ళు ఆమెను ఇంకా మేడం అనే పిలుస్తారు. ఆ పిలుపుకు ఆమె ఒక్కోసారి పలుకుతుంది, ఒక్కోసారి వినబడనట్టు ఉండిపోతుంది.

ఒకరోజు వంతెన దగ్గర దారి తవ్వేశారని గోవిందు వ్యానును చింతమానుపల్లె మీదుగా తిప్పాడు. ఆమెను అడగలేదు. అడిగితే వద్దంటుందేమోనని కాబోలు. బడి ముందు గేదెలు అడ్డం రావడంతో వ్యాను ఆగింది. మంచులోంచి ఆ గది కిటికీ కనబడింది. చువ్వల వెనక బియ్యం బస్తాలు సగం ఎత్తుకు పేర్చి ఉన్నాయి. వాటి మధ్య ఆదిమూలం నడుముకు తువ్వాలు చుట్టుకుని ఒక బస్తాను పైకి నెడుతున్నాడు. వ్యాను చప్పుడుకు తల తిప్పి చూశాడు.

ఇద్దరి మధ్యా ఇరవై అడుగుల దూరం కూడా లేదు. కోమలి చెయ్యి ఎత్తబోయింది. ఆదిమూలం కళ్ళు దించుకున్నాడు. బస్తాను ఇంకొంచెం లోపలికి జరిపి, కిటికీ దగ్గరికి వచ్చి, తలుపు రెక్క ఒకటి వేశాడు. ఒక్క క్షణం ఆగి, రెండోది కూడా వేశాడు.